గడ్డి మాగబెట్టే ముందు

గుంటూరు

చిరంజీవి శీనుకి పెదనాన్న ఆశీస్సులు.

కోతలయ్యి వామి నిండిందని, అయినా గేదెలు పాలు తగ్గిస్తున్నాయని రాశావు. దాణా పెంచుదామనుకుంటున్నావు కదా, ముందు వామిలో గడ్డిని యూరియాతో మాగబెట్టే సంగతి చూడు. వట్టి వరిగడ్డిలో మాంసకృత్తులు 3-4 శాతమే. పీచులో బలం లేక కాదు, దాన్ని లిగ్నిన్ అనే చెక్కలాంటి పదార్థం, సిలికా అనే ఇసుకలాంటి పదార్థం బిగించి పట్టుకుని ఉంటాయి. అందుకే గేదెకి కడుపు నిండుతుంది గానీ ఒంటికి పట్టదు.

యూరియా నీళ్లు చల్లి, గాలి చొరకుండా కప్పి ఉంచితే గడ్డి మీదుండే సూక్ష్మజీవులు యూరియాను అమ్మోనియాగా మారుస్తాయి. ఆ అమ్మోనియా పీచు పట్టును వదులు చేస్తుంది. మాంసకృత్తుల విలువ 7-8 శాతానికి చేరుతుంది, గడ్డి మెత్తబడి గేదె ఎక్కువ తింటుంది, అరుగుదలా పెరుగుతుంది. పనిచేసేది అమ్మోనియా గానీ యూరియా కాదురా. తొందరపడి పది రోజులకే తీస్తే లోపల కొంత యూరియా మారకుండా మిగిలి ఉండొచ్చు, గొడ్డుకి అది విషం.

క్వింటా ఎండుగడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లు. మూడు గేదెలకి, తలకి రోజుకి 6 కిలోల చొప్పున, నెలకి ఐదున్నర క్వింటాళ్లు కావాలి. మొదటిసారికి 5 క్వింటాళ్లు వెయ్యి. అంటే 20 కిలోల యూరియా, 45 కిలోల బస్తాలో సగం కూడా కాదు. కాటా పెట్టి తూచు, డబ్బా కొలతలు వద్దు. ఎక్కువ వేస్తే బలం ఎక్కువ వస్తుందనుకునేవాళ్లు ఊరికొకళ్లుంటారు, వాళ్ల మాట వినకు.

మీ గడ్డి బేలర్ యంత్రం చుట్టిన కట్టలు కదా, ప్రతి కట్టా తాడు కోసి విదిలించాల్సిందే. కట్ట మీదే చల్లితే పైపొర ఎక్కువ యూరియా తాగుతుంది, నడుమ గడ్డి పొడిగానే ఉంటుంది. తినేటప్పుడు గేదె ముందు నోరు పెట్టేది ఆ పైపొరకే. ఒకటి రెండు కట్టలు తూచి చూస్తే మొత్తం బరువు లెక్క తెలుస్తుంది. బురద పట్టినవి, వాన నీటికి నల్లబడినవి పక్కన పెట్టు.

యూరియా అంతా ఒకేసారి కలపకు. క్వింటాకి సరిపడా నాలుగేసి కిలోలు 50 లీటర్ల నీళ్లున్న డ్రమ్ములో వేసి కర్రతో తిప్పు. కరిగేటప్పుడు నీళ్లు కుండలో నీళ్లలా చల్లబడతాయి, డ్రమ్ము పక్కన చెయ్యి పెడితే తెలుస్తుంది. ఆ చల్లదనానికి అడుగున గింజలు కరక్కుండా నిలిచిపోతాయి. కర్ర అడుగుకి తగిలించి చూడు, గరగరమంటే ఇంకా తిప్పాలి. పురుగుమందు కొట్టిన డ్రమ్ము గానీ స్ప్రేయర్ గానీ ఈ పనికి ముట్టుకోకు.

ఎత్తుగా ఉన్న నేల మీద, వీలైతే సిమెంటు గచ్చు మీద, పట్టా పరిచి జానెడు మందాన గడ్డి వెయ్యి. 20 కిలోల గడ్డికి 10 లీటర్ల యూరియా నీళ్లు, మొక్కలకి పోసే చిల్లుల డబ్బాతో చల్లాలి. ఒకరు చల్లుతుంటే ఇంకొకరు చేత్తో తిరగేస్తుండాలి. ప్రతి పొరనీ తొక్కించు, మూలలు మరీ గట్టిగా. అన్నీ అయ్యాక చిల్లుల్లేని పట్టా కప్పి అంచుల మీద మట్టి పేర్చి అదుము. వేలు దూరే సందున్నా అమ్మోనియా పోతుంది, బూజు వస్తుంది.

ఎండాకాలం 21 రోజులు, సంక్రాంతి చలిలో 28. మధ్యలో తెరిచి చూడొద్దు. తెరిచేటప్పుడు ఒక్క వైపే తెరువు, గాలి నీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడు. కళ్లు మండేంత ఘాటు వచ్చి, లేత పసుపు గడ్డి గోధుమ రంగుకి తిరిగి మెత్తబడితే సరిగా మాగినట్టే. ఘాటు లేదంటే ఎక్కడో గాలి చొరబడింది. తెల్లగా, నల్లగా బూజు పట్టిన భాగాన్ని పెంటకుప్పలో వెయ్యి, ఎండబెట్టి వాడుకుందామనుకోకు. బూజు గడ్డి తిన్న గేదెలకి తోక కొస, చెవుల అంచులు కుళ్లే జబ్బు వస్తుంది.

రేపటి మేత ఇవాళ సాయంత్రమే తీసి పరిచి ఉంచు, ఘాటు పోతుంది. మొదటి రోజు మామూలు గడ్డిలో కిలో కలిపి పెట్టి, పది రోజుల్లో పూర్తి మోతాదుకి రా. తాగడానికి నీళ్లు ఎప్పుడూ ఉండాలి. రోజుకి ఒక్కోదానికి 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, 30 గ్రాముల ఉప్పు ఇవ్వు. వరిగడ్డిలోని ఆక్సలేట్లనే లవణాలు కాల్షియాన్ని లాగేసుకుంటాయి, అందుకే ఆ మిశ్రమం. మాగబెట్టినంత మాత్రాన పచ్చిమేత అక్కర్లేదనుకోకు. విటమిన్ ఎ అందేది పచ్చిమేత నుంచే. పిల్లిపెసర, జనుము ఉంటే రోజూ కొంత కొయ్యి. మినపకట్టె మాత్రం ఇలా చెయ్యకు, దానికి ఈ పని అక్కర్లేదు. పాలు నిలబడ్డాక దాణా సంగతి చూద్దాం.

ఆరు నెలల లోపు దూడలకి ఈ గడ్డి పెట్టకు, వాటి పెద్దపొట్ట ఇంకా సిద్ధంగా ఉండదు. నీరసించిన గొడ్లకీ వద్దు. కలిపిన నీళ్లు మిగిలితే కుడితి తొట్టి దగ్గర ఉంచకు, గొడ్లు తిరగని చోట పారబొయ్యి. యూరియా బస్తా తాళం వేసిన గదిలో ఉండాలి. పొరపాటున ఏ గొడ్డైనా యూరియా తిందనుకో, గంటలోపే నురగ, వణుకు, కడుపుబ్బరం కనబడతాయి. వెంటనే పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చెయ్యి. డాక్టరు వచ్చేలోపు పెద్ద గేదెకి రెండు మూడు లీటర్ల వెనిగర్‌లో అన్నే చల్లని నీళ్లు కలిపి కొంచెం కొంచెంగా తాగించు. తల మరీ ఎత్తి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పడిపోయి మింగలేనిదానికి పొయ్యకు.

కప్పిన రోజు, తెరవాల్సిన రోజు, యూరియా తూకం మూడూ చావిడి గోడ మీద సుద్దతో రాసి పెట్టు. నువ్వు లేనప్పుడు మేత వేసేవాళ్లకి అదే గుర్తు.

ఇట్లు,
మీ పెదనాన్న