అవుట్‌బాక్సులో ఆగిపోయిన అంగీకారం

ప్రశ్న: ఎర్రగుంట్ల దగ్గర మాకు నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్ ఉంది. కోయంబత్తూరుకు చెందిన ఒక నిర్మాణ సంస్థ 18 లక్షల రూపాయల విలువ చేసే రాళ్ళు కొంటామని, తాము ఇవ్వగల రేటు చెబుతూ మెయిల్ పంపింది. "ఈ రేటు 30వ తేదీ సాయంత్రం 5 గంటల వరకే, ఒప్పుకుంటే ఈ మెయిల్‌కే జవాబు ఇవ్వాలి" అని అందులో ఉంది. ఆ రోజు 3.40కి అవుట్‌లుక్‌లో జవాబు రాసి సెండ్ నొక్కాను. 4.15కి వారి పర్చేజ్ మేనేజరుకు ఫోన్ చేసి "మీ రేటుకు ఒప్పుకున్నాం, మెయిల్ పెట్టినాం" అంటే, "సరే, చూస్తాను" అన్నారు. వెంటనే వాట్సాప్‌లో కూడా "రేటు ఓకే, రేపటి నుంచి కటింగ్ మొదలుపెడతాం" అని పెట్టాను. నీలి టిక్కులు పడ్డాయి. మరునాడు ఉదయం చూస్తే మెయిల్ అవుట్‌బాక్సులోనే ఉంది. వారం క్రితమే బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ మార్చాం. కంప్యూటర్ కుర్రవాడు వచ్చి సెట్టింగ్స్‌లో పోర్టు నంబరు 25 తీసేసి 587 పెట్టాక 10.12కి అది వెళ్ళింది. మూడో రోజున "గడువు దాటి వచ్చింది, ఆర్డరు వేరేవారికి ఇచ్చేశాం" అని జవాబు వచ్చింది. అప్పటికే సగం రాళ్ళు వారి కొలతలకు కోసేశాం. మెయిళ్ళు వస్తూనే ఉన్నప్పుడు, పోవడం లేదని నాకెలా తెలుస్తుంది? తప్పు ఇంటర్నెట్ కంపెనీదైతే నష్టం నేనెందుకు భరించాలి? కేసు వేయవచ్చా?

— ఒక పాఠకుడు, వైఎస్సార్ కడప జిల్లా

జవాబు: ముందుగా మీకు రుచించని మాట చెప్పాలి. 30వ తేదీ సాయంత్రం 5 గంటల లోపు మీరు మెయిల్ పంపినట్లు చట్టం ఒప్పుకోదు. అంతమాత్రాన మీ కేసు పోయిందని అనుకోవద్దు. మీరు రెండు వాక్యాల్లో చెప్పి దాటేసిన ఆ ఫోన్ సంభాషణ, ఆ వాట్సాప్ సందేశమే మీ కేసుకు పునాది. మెయిల్ సంగతి ముందు తేల్చి, తరువాత అక్కడికి వస్తాను.

సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 13వ సెక్షన్ ప్రకారం, ఇరుపక్షాలు వేరే విధంగా ఒప్పుకుని ఉంటే తప్ప, ఒక ఎలక్ట్రానిక్ రికార్డు పంపినవారి అదుపులో లేని కంప్యూటర్ వనరులోకి ఎప్పుడు ప్రవేశిస్తుందో అప్పుడే దాన్ని పంపినట్లు లెక్క. సెండ్ బటన్ ఎప్పుడు నొక్కారన్నది ఆ సెక్షన్‌కు అక్కరలేదు. అవుట్‌బాక్సు మీ కంప్యూటర్‌లోనే ఉండే ఒక ఫోల్డరు. అందులో ఉన్న మెయిల్‌ను మీరు తెరవవచ్చు, దిద్దవచ్చు, చెరిపేయవచ్చు. ఉత్తరం రాసి, సంతకం పెట్టి, కవరు అంటించి, పోస్టు డబ్బాలో వేయకుండా చొక్కా జేబులో పెట్టుకుని తిరిగినట్లే ఇది. భారతీయ కాంట్రాక్టు చట్టం, 1872లోని 4వ సెక్షన్ కూడా ఇదే మాట మరో తీరులో చెబుతుంది: అంగీకారం ప్రతిపాదించినవారికి చేరే దారిలో పడి, అంగీకరించినవారి చేయి దాటిపోయినప్పుడే అది ప్రతిపాదించినవారిని కట్టడి చేస్తుంది. మీ మెయిల్ మీ చేయి దాటింది మరునాడు 10.12కి. ప్రతిపాదనలో గడువు పెట్టి ఉంటే, ఆ గడువు ముగియగానే ప్రతిపాదన రద్దయిపోతుందని 6వ సెక్షన్ చెబుతుంది.

మెయిళ్ళు వస్తున్నాయి కాబట్టి పోతున్నాయనుకోవడం చాలామంది చేసే పొరపాటే. రావడానికీ పోవడానికీ దారులు వేరు. మీకు వచ్చే మెయిల్‌ను అవుట్‌లుక్ పాప్ పద్ధతిలో 995 నంబరు పోర్టు (సర్వరుతో మాట్లాడే దారి) గుండా గానీ, ఐమ్యాప్ పద్ధతిలో 993 గుండా గానీ తెచ్చుకుంటుంది. పోయే మెయిల్ ఎస్సెంటీపీ అనే వేరే సర్వరుకు వెళ్ళాలి. దానికి మీ కంప్యూటర్‌లో పాతకాలపు 25వ నంబరు పోర్టే ఉండిపోయింది. 25 ప్రధానంగా ఒక మెయిల్ సర్వరు మరో మెయిల్ సర్వరుతో మాట్లాడుకునే దారి. వైరస్ పట్టిన కంప్యూటర్లు ఆ దారిలో చెత్త మెయిళ్ళు కుమ్మరిస్తుంటాయి కాబట్టి చాలా ఇంటర్నెట్ కంపెనీలు తమ చందాదారులకు దాన్ని మూసివేస్తాయి. మనలాంటివారు యూజర్ పేరు, పాస్‌వర్డు ఇచ్చి మెయిల్ అప్పగించడానికి కేటాయించినది 587. పాత కనెక్షన్‌లో 25 తెరిచి ఉండి, కొత్తదానిలో మూసి ఉంటే, మీకు జరిగినట్లే జరుగుతుంది.

ఇందులో ఇంటర్నెట్ కంపెనీని ముద్దాయిగా నిలబెట్టే దారి నాకు కనబడడం లేదు. చెత్త మెయిళ్ళను ఆపేందుకు 25ను మూయడం ఆ వ్యాపారంలో ఉన్న వాడుకే. పైగా మీరు కనెక్షన్ తీసుకున్నది వ్యాపారానికి కాబట్టి వినియోగదారుల కమిషన్‌లో మొదటి అభ్యంతరం అక్కడే లేస్తుంది. అన్నిటికీ మించి, మెయిల్ ఎందుకు ఆగిందన్న ప్రశ్నే 13వ సెక్షన్‌లో లేదు.

అయినా కారణం నిరూపించుకోవడం మీకు వేరే విధంగా అవసరం. రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి న్యాయవాది, "మరెక్కడైనా మంచి రేటు వస్తుందేమోనని మీరే మెయిల్‌ను ఆపి పెట్టుకున్నారు" అని సూచిస్తారు. కంప్యూటర్లలో ఎక్కువగా వాడే పాత అవుట్‌లుక్‌లో, పంపడానికి సిద్ధంగా వరుసలో ఉన్న మెయిల్ అవుట్‌బాక్సులో వాలు అక్షరాల్లో కనబడుతుంది. దాన్ని ఎవరైనా తెరిచి మూస్తే మామూలు అక్షరాల్లోకి మారి, మళ్ళీ సెండ్ నొక్కేదాకా కదలదు. మరునాడు ఉదయం ఆ మెయిల్ ఏ అక్షరాల్లో కనిపించిందో, సెండ్/రిసీవ్ కిటికీలో ఏ ఎర్రర్ వచ్చిందో, మీరూ ఆ కుర్రవాడూ గుర్తున్నంతవరకు ఈరోజే విడివిడిగా కాగితం మీద రాసి తేదీ వేసి ఉంచండి. అదే రోజు మీరు పంపిన మిగతా మెయిళ్ళు కూడా ఆగిపోయి ఉంటే, అవి మీ మాటకు మంచి తోడు.

ఇక అసలు విషయం. కాంట్రాక్టు చట్టం 7వ సెక్షన్‌లో రెండో భాగం చాలామంది వర్తకులకు తెలియదు. న్యాయవాదులం కూడా దాన్ని తరచుగా మరచిపోతాం. ఫలానా పద్ధతిలోనే అంగీకారం తెలపాలని ప్రతిపాదనలో ఉండి, అంగీకారం ఆ పద్ధతిలో కాకుండా మరో విధంగా అందినప్పుడు, "కాదు, నేను చెప్పిన పద్ధతిలోనే ఇవ్వు" అని పట్టుబట్టే హక్కు ప్రతిపాదించినవారికి ఉంది. అయితే తగిన సమయంలో అలా పట్టుబట్టకపోతే, వారు ఆ అంగీకారాన్ని స్వీకరించినట్లే. మీ విషయంలో గడువు లోపల, 4.15కి, మాట ద్వారా అంగీకారం అందింది. ఆ వెంటనే రాతలో కూడా అందింది. మేనేజరు "మెయిల్ వస్తేనే లెక్క" అనలేదు, "సరే, చూస్తాను" అన్నారు. రేపటి నుంచి కటింగ్ మొదలుపెడతామన్న మీ సందేశం చూసి కూడా మిన్నకుండిపోయారు. మూడో రోజు దాకా మౌనంగా ఉండి, మీరు రాళ్ళు కోశాక మెయిల్ ఆలస్యమైందనడం, పద్ధతి గురించి పట్టుబట్టడానికి తగిన సమయం దాటిపోయాక చేసిన పని అని మనం వాదించవచ్చు. నా అభిప్రాయంలో ఇది బలమైన వాదన.

దీనికి రెండు అడ్డంకులు రావచ్చు. మొదటిది, "సరే, చూస్తాను" అన్న మాటకు "మెయిల్ చూశాక చెబుతాను" అనే అర్థం తీయవచ్చు. అందుకే వాట్సాప్ సందేశానికి అంత విలువ. రెండోది, అదే 7వ సెక్షన్ అంగీకారం షరతులు లేకుండా, సంపూర్ణంగా ఉండాలంటుంది. 3.40కి రాసిన మెయిల్‌లో "లారీ బాడుగ మీదే" అనో, "అడ్వాన్సు వచ్చాక లోడింగ్" అనో ప్రతిపాదనలో లేని మాట ఏదైనా చేర్చారా? చేర్చి ఉంటే అది అంగీకారం కాదు, ఎదురు ప్రతిపాదన అవుతుంది. ఫోన్‌లో చెప్పినదీ అదే షరతుతో చెప్పారని వారు అంటారు. ఆ మెయిల్ ప్రతిని నాకు చూపకుండా నోటీసు ఇవ్వవద్దు. మేనేజరుకు అధికారం లేదన్న వాదన కూడా వస్తుంది గానీ, ప్రతిపాదన మెయిల్ కింద ఆయన పేరూ నంబరూ ఉంటే అది నిలవదు.

సాక్ష్యం విషయంలో ఆలస్యం పనికిరాదు. వాట్సాప్‌లో ఆ సందేశాన్ని నొక్కిపట్టి ఇన్‌ఫో తెరిస్తే అది ఎప్పుడు చేరిందో, ఎప్పుడు చదివారో నిమిషంతో సహా కనబడుతుంది. చదివిన సమయం 5 గంటల లోపు ఉంటే మీ కేసు బరువే మారిపోతుంది. ఆ తెరను ఫోటో తీసి ఉంచండి, ఆ చాట్‌లో మాయమయ్యే సందేశాల సెట్టింగ్ ఉంటే తీసేయండి, ఫోన్ మార్చవద్దు, రిపేరుకు ఇచ్చి రీసెట్ చేయించవద్దు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ ప్రకారం, ఇలాంటి రికార్డుల ప్రింటు దాఖలు చేసేటప్పుడు దానితోపాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి, ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపే గుర్తు, రాయాలి. పాత సాక్ష్య చట్టంలోని 65బి సర్టిఫికెట్ గురించి 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోట్కర్ కేసులో సుప్రీంకోర్టు, సాధారణంగా అది తప్పనిసరి అంటూనే, యజమాని స్వయంగా సాక్షి బోనెక్కి ఆ పరికరాన్నే చూపితే సర్టిఫికెట్ అక్కరలేదని చెప్పింది. అయినా మనం రెండూ సిద్ధం చేసుకుందాం. కాల్ లాగ్ ఫోన్ చేసినట్లూ ఎంతసేపు మాట్లాడినట్లూ చూపుతుంది గానీ ఏం మాట్లాడారో చూపదు.

మెయిల్ విషయంలో సెంట్ ఫోల్డరులోని ప్రతిని నమ్ముకోవద్దు. దారిలో ప్రతి సర్వరూ మెయిల్ తలభాగంలో తన ముద్ర వేస్తుంది, కానీ అది అందుకున్నవారి ప్రతిలోనే ఉంటుంది, మీ సెంట్ ప్రతిలో ఉండదు. అందువల్ల మీ మెయిల్ హోస్టింగ్ సంస్థకు ఈ వారంలోనే లేఖ రాసి, ఆ రెండు రోజుల సర్వరు లాగ్‌ను, అంటే ఏ మెయిల్ ఎప్పుడు వచ్చి వెళ్ళిందో సర్వరు రాసుకునే చిట్టాను, భద్రపరచమని కోరండి. లాగ్‌లను కొద్ది కాలమే ఉంచే సంస్థలు చాలా ఉన్నాయి. కంప్యూటర్ కుర్రవాడు అవుట్‌లుక్‌ను తీసేసి మళ్ళీ ఎక్కిస్తానంటే వద్దనండి. ఒకమాట మీరు అడగకపోయినా చెబుతున్నాను. కంప్యూటర్ గడియారాన్ని వెనక్కి తిప్పి, మెయిల్ పైన పాత తేదీ పడేలా మళ్ళీ పంపితే సరిపోతుందని సలహా ఇచ్చేవారు ఉంటారు. మెయిల్ పైన కనబడే తేదీ మీ కంప్యూటర్‌దే అయినా, సర్వర్ల ముద్రలు వాటి సొంత గడియారాలవి. మోసం ఒక్క చూపులో బయటపడుతుంది. కోర్టు కోసం దొంగ సాక్ష్యం సృష్టించడానికి భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ళ వరకు జైలు శిక్ష ఉంది.

దావా ఎక్కడ వేయాలి అన్నదానిలో కొంచెం చిక్కు ఉంది. ఫోన్‌లో కుదిరిన కాంట్రాక్టు, అంగీకారం విన్న చోట కుదిరినట్లు లెక్క అని 1966లో నివేదితమైన భగవాన్‌దాస్ కేడియా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ లెక్కన మీ కాంట్రాక్టు కోయంబత్తూరులో కుదిరింది. అయితే సరుకు ఎర్రగుంట్లలో లారీకి ఎక్కించి అప్పగించాలనే షరతు ఉంటే, దావా కారణంలో కొంత భాగం ఈ జిల్లాలో పుట్టినట్లే కాబట్టి, సివిల్ ప్రొసీజర్ కోడ్ 20వ సెక్షన్ కింద ఇక్కడ వేయడానికి ఆస్కారం ఉంటుంది. వారి మెయిల్ కింద సన్న అక్షరాల్లో "వివాదాలన్నీ కోయంబత్తూరు కోర్టులకే" అని ఉందేమో చూడండి. విలువ మూడు లక్షలు దాటిన వ్యాపార వివాదం కాబట్టి, అత్యవసర ఉత్తర్వు కోరితే తప్ప, వాణిజ్య న్యాయస్థానాల చట్టం 12ఎ సెక్షన్ కింద ముందుగా మధ్యవర్తిత్వానికి వెళ్ళక తప్పదు. ఇది లాంఛనం కాదని, తప్పనిసరి అని 2022లో పాటిల్ ఆటోమేషన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాలపరిమితి ఉల్లంఘన జరిగిన రోజు నుంచి మూడేళ్ళు. తొందర దాని వల్ల కాదు, పైన చెప్పిన లాగ్‌ల వల్ల.

నష్టం లెక్క గురించి చివరగా. కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కింద మీకు వచ్చేది 18 లక్షలు కాదు. కోసిన రాళ్ళు వేరేవారికి అమ్మితే వచ్చే ధరకూ, ఒప్పుకున్న ధరకూ ఉన్న తేడా, వారి కొలతలకు కోయడం వల్ల అయిన అదనపు ఖర్చు, అంతే. నష్టాన్ని తగ్గించుకోవడానికి మీరు ఏం చేశారని కోర్టు అడుగుతుంది. కాబట్టి రాళ్ళను షెడ్డులో పేర్చి ఎదురుచూడకుండా ఫోటోలు తీసి, కొలతల జాబితా రాసి, ఇద్దరు ముగ్గురి దగ్గర రాతపూర్వకంగా ధర అడిగి, "ఫలానా తేదీలోగా తీసుకోకపోతే మీ ఖర్చు మీద అమ్ముతాం" అని కోయంబత్తూరు సంస్థకు నోటీసు ఇచ్చి అమ్మేయండి. ఇంకా కోయని సగం రాళ్ళ జోలికి వెళ్ళవద్దు. నోటీసును స్పీడ్ పోస్టులో పంపి రసీదు ఉంచండి. మెయిల్‌లో కూడా పంపుతారు కాబట్టి, అందులో వేరే సంస్థ దగ్గర ఉన్న మీ రెండో మెయిల్ చిరునామాను కూడా బీసీసీలో (అవతలివారికి కనబడకుండా ప్రతి పంపే గడిలో) చేర్చండి. ఆ రెండో ఇన్‌బాక్సులో ప్రతి కనబడ్డాకే నోటీసు పంపామని రాసుకోండి.