హిమనీనదమా, హిమానీనదమా? గడ్డకట్టినది నదమెలా అయింది?

సందేహం: గురువుగారికి నమస్కారం. నేను హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతాను. గ్లేసియర్‌ను ఒక పుస్తకంలో హిమనీనదం అన్నారు, ఇంకో పుస్తకంలో హిమానీనదం అన్నారు. ఏది ఒప్పు? మొన్న పరీక్షలో ఒక పిల్లవాడు రెండూ కాదని 'మంచునది' అని రాశాడు. మార్కు వెయ్యాలో వద్దో తెలియక ఆ పేపరు పక్కన పెట్టాను. పైగా వాడే లేచి, "గడ్డకట్టిపోయింది నది ఎలా అవుతుంది మేడమ్?" అని అడిగాడు. నాకు చెప్పడం రాలేదు. ఇంకొకటి. టీవీల్లో 'హిమానీనదం పేలింది', 'హిమానీనదాలు వెనక్కి పోతున్నాయి' అంటూ ఉంటారు. ఇవి సరైన ప్రయోగాలేనా?

సమాధానం: అమ్మా, హిమానీనదమే ఒప్పు. 'మా' దీర్ఘం, 'నీ' దీర్ఘం. రెండు దీర్ఘాలు పక్కపక్కన ఉండేసరికి నోరు మొదటిదాన్ని మింగేసింది. నోరు మింగినదాన్ని చెయ్యి రాసింది, చెయ్యి రాసినదాన్ని అచ్చు వేశారు.

ఇంద్రుడి భార్య ఇంద్రాణి, రుద్రుడి భార్య రుద్రాణి, భవుడి భార్య భవాని. హిమానీ కూడా ఈ వరసలో మాటే. పాణిని వీటన్నిటినీ ఒకే సూత్రంలో కలిపి చెప్పాడు. అలాగని హిమానీ అంటే హిముడనేవాడి భార్య కాదు. హిమ, అరణ్య శబ్దాలకు ఈ 'ఆనీ' వచ్చేది 'గొప్పది, పెద్దది' అనే అర్థంలోనని, పాణిని సూత్రాలకు వార్తికం (వివరణ) రాసిన కాత్యాయనుడు తేల్చాడు. అరణ్యానీ అంటే మహారణ్యం, హిమానీ అంటే మంచు మహారాశి. (ఆ సూత్రంలోనే ఉన్న యవనానీ అంటే యవనుడి భార్య అనుకునేరు. అది యవనుల, అంటే గ్రీకుల, లిపి. విద్యార్థులుగా ఉన్న రోజుల్లో మాకు ఇదొక పెద్ద సరదా.) అమరకోశం ఇంకా పొట్టిగా చెప్పింది: 'హిమానీ హిమసంహతిః'. సంహతి అంటే ఊరికే కుప్ప కాదు, దగ్గరగా చేరి దిట్టంగా కూడుకున్నది. కాబట్టి 'హిమనీ' అని రాస్తే ఒక్క దీర్ఘమే కాదు, అర్థం కూడా పోతుంది. ఆ మాటకు సంస్కృతంలో వ్యుత్పత్తి చెప్పలేం.

ఈ సంహతి అనే మాట దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే గ్లేసియర్ పుట్టే తీరు అంతా అందులోనే ఉంది. ఎత్తైన కొండల మీద చలికాలంలో పడ్డ మంచు వేసవిలో పూర్తిగా కరగదు. మిగిలినదాని మీద మరుసటి ఏడు ఇంకొంత పడుతుంది. పైబరువుకు కింది మంచు తునకల కొమ్ములు విరిగి, గుండ్రబడి, ఉప్పు రవ్వలా అవుతుంది. ఆ రవ్వల మధ్య గాలి బయటికి పోతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ, చలి బాగా ఎక్కువ ఉన్నచోట వందల ఏళ్ళకు, అంతా ఒకటే గడ్డ అవుతుంది. అప్పుడే కురిసిన మంచు ఘనమీటరు తూచితే నూరు కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. ఈ గడ్డ తూచితే దాదాపు 900 కిలోలు. బయటికి పోలేని గాలి బుడగలుగా లోపలే చిక్కుకుపోతుంది. అంటార్కిటికాలో లోతుగా తవ్వి తీసిన గడ్డల్లో 8 లక్షల ఏళ్ళ నాటి గాలి దొరికింది. అప్పటి వాతావరణంలో బొగ్గుపులుసు వాయువు ఎంత ఉండేదో ఆ బుడగల్లోనే కొలిచారు.

మన 'మంచు'తో వచ్చిన చిక్కు ఏమిటంటే, అది అన్నిటికీ సరిపోతుంది. పొద్దున్నే గడ్డి మీద చుక్క మంచే, రోడ్డు కనపడనివ్వని పొగ మంచే, కాశ్మీరులో కురిసేదీ మంచే, ఫ్రిజ్‌లో పేరుకునేదీ మంచే. కన్నడంలో మంజు అన్నా, తమిళంలో మంజు అన్నా ముఖ్యంగా పొగమంచు, మబ్బు లాంటివే. మన నేల మీద మనకు తెలిసింది అదే. లంబసింగిలో మంచు కురుస్తోందని చూడటానికి పోతారు చూడండి, అక్కడ కనిపించేది పొగమంచు, మరీ చలి ముదిరిన రోజుల్లో గడ్డి మీద తెల్లగా పేరుకున్న మంచుపొర. అదేమీ తప్పు కాదు, మన భాషకు ఇన్ని రకాల మంచుతో అవసరం పడలేదు, అంతే. అవసరం పడ్డప్పుడు సంస్కృతం వైపు చెయ్యి చాచాం. అక్కడ ఈ పనికి సరిగ్గా సరిపోయే మాట ముందే ఉంది. దొరికినదాన్ని మళ్ళీ వంకరగా రాయకుండా ఉంటే చాలు.

ఇక పిల్లవాడి ప్రశ్న. వాడి బుర్రకు ఒక దండం పెట్టాలి. యూరపులో పెద్ద పెద్ద పండితులు కూడా ఈ ప్రశ్న దగ్గరే తచ్చాడారు. హూగి అనే స్విస్ శాస్త్రజ్ఞుడు 1827లో ఆల్ప్స్ కొండల్లోని ఉంటెరార్ హిమానీనదం మీద, తాను తలదాచుకోవడానికి ఒక రాతి గుడిసె కట్టుకున్నాడు. కొన్నేళ్ళకు వచ్చి చూస్తే గుడిసె ఉంది గానీ ఉన్నచోట లేదు. 1841 నాటికి అది కిలోమీటరుకు పైగా కిందికి వచ్చేసింది. గుడిసె నడవలేదు, కింద ఉన్న గడ్డ నడిచింది. ఆ 1840లలోనే లూయీ అగసీ అనే శాస్త్రజ్ఞుడు అదే హిమానీనదం మీద అడ్డంగా గుంజలు పాతి చూశాడు. నడిమి గుంజలు ముందుకు పోయాయి, ఒడ్డు గుంజలు వెనకబడ్డాయి. గోదావరిలో పడవ నడిపేవాడిని అడిగినా ఇదే చెబుతాడు: నడిఏట వడి ఎక్కువ, ఒడ్డున తక్కువ. నదం అనడానికి ఇంతకంటే ఏం సాక్ష్యం కావాలి?

గట్టి వస్తువు ఎలా పారుతుందంటారా? బరువు. గడ్డ పదుల మీటర్ల మందం దాటాక లోపలి మంచు స్ఫటికాలు పొరలు పొరలుగా, పేకముక్కల కట్టను వాలుగా తోసినట్టు ఒకదాని మీద ఒకటి జారుతాయి. కొన్నిచోట్ల అడుగున కరిగిన నీళ్ళు చేరి, కింది రాతి మీద గడ్డ మొత్తం జారుతుంది. పైన దాదాపు 50 మీటర్ల మందం మాత్రం ఇలా వంగలేదు, పెళుసుగా ఉండి పగుళ్ళిస్తుంది. ఆ పగుళ్ళకు పుస్తకాల్లో బరువైన సంస్కృతపు మాటలు పెడుతుంటారు. నన్నడిగితే ఎండిన చెరువులో పడేవాటి పేరే, నెర్రెలు అనే మాటే, చక్కగా సరిపోతుంది. సాధారణంగా ఈ నడక ఏడాదికి పదుల మీటర్లు, ఒక్కోచోట వందలు. గ్రీన్‌లాండ్‌లోని యాకబ్‌షావ్న్ హిమానీనదం 2012లో ఏడాదికి దాదాపు 17 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంది. అంటే రోజుకు 46 మీటర్లు, కూర్చుని చూసినా తెలిసేంత.

నది అనకుండా నదం అన్నారేమని తర్వాతి ఉత్తరంలో ఎవరైనా అడుగుతారు, అదీ చెప్పేస్తాను. తూర్పుకు పారేవి నదులనీ, పడమటికి పారేవి నదాలనీ, నర్మదకు మాత్రం ఇది వర్తించదనీ పాత వ్యాఖ్యాతలు ఒక లెక్క చెప్పారు. పుంలింగం పేరున్న శోణ, బ్రహ్మపుత్రలను నదాలనడం ఇంకో వాడుక. హిమానీనదానికి ఈ రెండు లెక్కలూ పట్టవు. అది ఏ దిక్కుకైనా పోతుంది, దానికి లింగంతో పనిలేదు. నాకు ఇక్కడ నచ్చేది ధాతువు. నది, నదం, నాదం, నినాదం అన్నీ 'నద' ధాతువు నుంచి వచ్చినవే. దానికి ధాతుపాఠం (సంస్కృత ధాతువుల పట్టిక) ఇచ్చిన అర్థం అవ్యక్తమైన శబ్దం చెయ్యడం. హిమానీనదం మీద రాత్రి బస చేసినవాళ్ళు ముందుగా చెప్పేది ఆ చప్పుడే: లోపలెక్కడో మూలుగు, ఉన్నట్టుండి తుపాకీ పేలినట్టు పగులు. ఈ మాట కట్టినవాళ్ళ మనసులో ఇది ఉందని నేననను. మాట మాత్రం కుదిరింది.

పారడం ఆగితే ఆ పేరు కూడా పోతుంది. ఐస్‌లాండ్‌లో ఒక్ అనే కొండ మీద ఒక హిమానీనదం ఉండేది. వాళ్ళ భాషలో హిమానీనదాన్ని యోకుల్ అంటారు కాబట్టి దాని పేరు ఒక్‌యోకుల్. కరిగి కరిగి, తన బరువుకు తాను కదలలేనంత పలచబడింది. ఒడ్డుర్ సిగుర్డ్‌సన్ అనే శాస్త్రజ్ఞుడు 2014లో ఇది ఇక హిమానీనదం కాదని తేల్చాడు. అక్కడ మంచు లేకపోలేదు, నడక లేదు. పేరులోని యోకుల్ ఊడిపోయి ఒట్టి 'ఒక్' మిగిలింది. 2019లో అక్కడొక స్మారకఫలకం కూడా పెట్టారు. ఉత్తరపదం ఇలా ఊడిపోవడాన్ని మన వ్యాకరణాల్లో ఏ సూత్రం కింద పెడతామో!

'వెనక్కి పోతున్నాయి' అనే ప్రయోగం మీద నాకు పేచీ ఉంది. వినేవాడికి మంచు కొండెక్కి తిరిగిపోతున్నట్టు తోస్తుంది. మంచు ఎప్పుడూ కిందికే వస్తుంది. పైనుంచి వచ్చే మంచు కంటే కింద కరిగేది ఎక్కువైనప్పుడు, దాని చివర ఎక్కడ ఉంటుందో ఆ చోటు మాత్రం పైకి జరుగుతుంది. జీతం వస్తూనే ఉన్నా ఖర్చు మించితే నిల్వ తగ్గదూ, అలాగే. గంగోత్రి హిమానీనదం దాదాపు 30 కిలోమీటర్ల పొడవు. దాని చివర గోముఖం, భాగీరథి బయటికి వచ్చే చోటు. 1935లో ఆ గోముఖం ఎక్కడుందో కొలిచి పెట్టారు కాబట్టి ఇప్పుడది కిలోమీటరుకు పైగా పైకి జరిగిందని చెప్పగలుగుతున్నాం. అందుకని 'హిమానీనదం కుంచించుకుపోతోంది' అనండి, లేదా 'దాని మొన వెనక్కి జరిగింది' అనండి. రెండూ తెలుగే, రెండూ నిజమే.

'పేలింది' మాత్రం బొత్తిగా తప్పు. 2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండ్‌లోని చమోలీలో వరద ముంచెత్తినప్పుడు గంటల తరబడి ఇదే మాట మోగింది. తర్వాత తేలిందేమిటి? రోంటి శిఖరం పక్కనుంచి పెద్ద రాతి చరియ, మీదున్న మంచుతో సహా విరిగిపడింది. రెండూ కలిపి దాదాపు 2 కోట్ల 70 లక్షల ఘనమీటర్లు, అందులో ఎక్కువ భాగం రాయే. పడే వేడికి మంచు కరిగి బురద వరదైంది. 200 మందికి పైగా చనిపోయారు, గల్లంతయ్యారు. 'కొండచరియలు విరిగిపడ్డాయి' అని మనం ఏటా వర్షాకాలంలో రాస్తూనే ఉంటాం కదా, అక్కడ 'కొండచరియ మంచుతో సహా విరిగిపడింది' అంటే సరిపోయేది.

ఇంకో రకం ప్రమాదం ఉంది, దానికీ ఇదే 'పేలుడు' అంటగడతారు. హిమానీనదం తోసుకొచ్చిన రాళ్ళూ మట్టీ దాని ముందు గట్టులా పేరుకుంటాయి. మొన కరిగి వెనక్కి జరిగితే గట్టుకూ మంచుకూ మధ్య నీళ్ళు నిలుస్తాయి. చూడటానికి అచ్చం మన చెరువు, కాకపోతే కట్ట ఎవరూ వెయ్యలేదు, తూము లేదు, అలుగు లేదు. 2013 జూన్ 17 ఉదయం కేదార్‌నాథ్ పైనున్న చోరాబారీ సరస్సు కట్ట అలాగే తెగింది. 2023 అక్టోబరులో సిక్కింలో దక్షిణ ల్హొనాక్ సరస్సులోకి పక్క గట్టు జారిపడి, అల లేచి, కట్ట కోసుకుపోయింది. కింద తీస్తా నది మీద చుంగ్‌థాంగ్ దగ్గరున్న ఆనకట్ట కొట్టుకుపోయింది. దీన్ని చెప్పడానికి కాకతీయుల కాలం నుంచీ చెరువుల కింద బతికిన మనకు మాట కరువా? చెరువుకు గండి పడింది అంటాం. హిమసరస్సుకు గండి పడింది అంటే ఏ పల్లెటూరి ముసలమ్మకైనా వెన్ను జలదరిస్తుంది. పేలింది అంటే ఆమెకు బాంబు గుర్తొస్తుంది.

క్లాసులో 'జీవనది' అనే మాట ఎలాగూ చెబుతారు కాబట్టి అక్కడ ఒక ముక్క కలపండి. గంగ, సింధు, బ్రహ్మపుత్రలకు ఎండల్లో కూడా నీళ్ళు అందడానికి ఈ మంచే ఒక కారణం. సింధుకు ఈ ఆధారం మరీ ఎక్కువ, గంగకు వానల వాటా పెద్దది. మన గోదావరి, కృష్ణల వెనక హిమానీనదం లేదు, అవి పూర్తిగా వానల మీద బతికేవి. అయినా సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ళం కనక మనం ఈ లెక్కలోంచి తప్పుకోలేం. నేల మీది మంచు కరిగిన నీళ్ళు ఎక్కడ కరిగినా చివరికి సముద్రంలోకే పోతాయి. కాకినాడ సముద్రమూ అదే నీళ్ళు.

పేపరు సంగతి. 'మంచునది' అని రాసిన పిల్లవాడికి పూర్తి మార్కు వెయ్యండి. పారిభాషికపదం హిమానీనదమని పక్కన ఎర్ర సిరాతో రాసి ఇవ్వండి, చాలు. హిమనీనదమని రాసినవాళ్ళకూ మార్కు కొయ్యకండి, వాళ్ళ చేతిలో ఉన్న పుస్తకంలో అలాగే ఉంది.