రెండు చేతుల ఫ్లై రాడ్ కొంటానన్న మేనల్లుడికి

చైతన్యా,

రెండు చేతుల ఫ్లై రాడ్ (ఫ్లై అంటే ఈకలతో కట్టిన ఉత్తుత్తి ఎర, దాన్ని విసిరే గెడ ఇది) కొంటానని నువ్వు పంపిన లింకులు రెండూ చూశాను. ఒకటి 15 అడుగుల 10 వెయిట్, ఇంకోటి 11 అడుగుల 4 వెయిట్ (ఎంత బరువు లైన్‌కి సరిపోతుందో చెప్పే నంబరు అది). రెండూ వద్దు. మొదటిది నార్వే, స్కాట్లాండ్ లాంటి చోట్ల పెద్ద నదుల్లో సాల్మన్ కోసం పట్టుకెళ్లేది, రెండోది ట్రౌట్‌కి. నువ్వు వెళ్తానంటున్న నదులేమో మన వాషింగ్టన్‌లో మన్రో, సుల్తాన్ ఊళ్ల దగ్గర స్కైకోమిష్‌కి, సెలవు దొరికితే ఆరెగన్‌లో డెషూట్స్‌కి. పట్టాలనుకుంటున్నది స్టీల్‌హెడ్‌ని, అంటే సముద్రానికెళ్లి నదికి తిరిగొచ్చే పెద్ద ట్రౌట్‌ని. దానికి 12½, 13½ అడుగుల మధ్య 7 వెయిట్ రాడ్ ఒక్కటి చాలు. షాపులో కుర్రాడు "ఎందుకైనా మంచిది, 8 తీసుకోండి" అంటాడు, నవ్వి ఊరుకో.

అసలు తికమకంతా లైన్ దగ్గరే. ఇంట్లో ఉన్న ఒంటిచేతి రాడ్ మీద కూడా 7 అనే రాసి ఉంది కదా, ఆ లైనే దీనికీ ఎక్కించేద్దామా అని అడిగావు. కుదరదు. ఒంటిచేతి 7 లైన్‌లో మొదటి 30 అడుగుల బరువు 185 గ్రెయిన్లు (లైన్లని తూచే చిన్న కొలత), అదే రెండు చేతుల 7 రాడ్ సరిగ్గా వంగాలంటే 500 గ్రెయిన్ల దాకా పడాలి. నీ వెనక ఒడ్డంతా చెట్లే, లైన్‌ని వెనక్కి బారుగా విసిరే చోటుండదు. అందుకే స్పే కాస్టింగ్ అనే ఈ రెండు చేతుల విసురులో లైన్ కొసని నీళ్ల మీదే ఆనించి, మిగతాది వెనక చిన్న ఉచ్చులా తిప్పి, అక్కడి నుంచే ముందుకి కొడతాం. అంత తక్కువ జాగాలో రాడ్ వంగాలంటే బరువంతా హెడ్‌లోనే, అంటే లైన్ ముందుండే పొట్టి, లావు భాగంలోనే ఉండాలి. ఈ గ్రెయిన్ల గోల బుర్రకెక్కకపోతే బంగారం లెక్కలోకి మార్చుకో: పాత తులం 180 గ్రెయిన్లు, అంటే 540 గ్రెయిన్ల హెడ్ మూడు తులాలు. ధర మాత్రం మీ అమ్మతో అనకు, నన్ను తిడుతుంది.

కాబట్టి రాడ్ మీద వెయిట్ అంకెని పక్కన పెట్టి, పిడికి కాస్త పైన సన్నటి అక్షరాల్లో ఉండే గ్రెయిన్ల రేంజ్ చూడు. ఉదాహరణకి 450–550 అని ఉందనుకో. హెడ్లలో నీకు పనికొచ్చేవి రెండు రకాలు, స్కాజిట్, స్కాండీ. స్కాజిట్ హెడ్ అయితే పై అంకె వైపు, 525 దాకా వెళ్లు. స్కాండీ అయితే కింది వైపు, 460 దగ్గర ఆగు. స్కాజిట్ హెడ్ 20–25 అడుగులుంటుంది, మన వాషింగ్టన్‌లోని స్కాజిట్ నది పేరే దానికి పెట్టారు. పొట్టిగా, లావుగా ఉండి, చలికాలంలో దాని కొసకి తగిలించే, నీళ్లలో మునిగే టిప్ ముక్కనీ తడిసి బరువెక్కిన పెద్ద ఫ్లైనీ నీళ్లలోంచి లేపుతుంది. టిప్ మీద టీ-11 అని ఉంటే అడుగుకి 11 గ్రెయిన్లని అర్థం, పది అడుగులకి 110 అయింది. ఆ 110ని హెడ్ బరువులో కలపకు, రాడ్ మీది రేంజ్ హెడ్‌కే. ఈ కూడిక చేసి తేలికపాటి హెడ్ కొనేసుకుని, రాడ్ బాగాలేదని తిట్టేవాళ్లని చాలామందిని చూశాను. స్కాండీ 30 అడుగులు దాటి ఉంటుంది, కొస సన్నం, ఎండాకాలం చిన్న ఫ్లైలతో నీళ్ల పైపైన వేయడానికి ఎంత హాయిగా ఉంటుందో. అయినా నువ్వు ముందు స్కాజిట్‌తోనే మొదలుపెట్టు. దాంట్లో లైన్ నీళ్ల మీద కాసేపు ఆగుతుంది, నీకు ఆలోచించుకునే టైమ్ ఇస్తుంది. స్కాండీ అలా ఆగదు.

బరువు సరిపోయిందో లేదో చేతికే తెలుస్తుంది. తక్కువైతే రాడ్ కొస మాత్రం ఊగుతుంది, పిడి దగ్గర ఏమీ తగలదు, లైన్ ముందుకెళ్లి కుప్పగా పడుతుంది. ఎక్కువైతే రాడ్ పిడి దాకా వంగిపోయి నింపాదిగా లేస్తుంది. 25 గ్రెయిన్లు మార్చినా ఆ తేడా తగులుతుంది. కానీ లైన్ మార్చే ముందు నీ కింది చెయ్యి ఏం చేస్తోందో చూసుకో. కొత్తవాళ్లంతా పై చేత్తో తోస్తారు, కింది చేత్తో పొట్ట వైపు లాగాలి. సగం కంప్లయింట్లు అక్కడే పోతాయి.

రీల్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఒంటిచేతి లెక్కలో 9/10 సైజుది కాస్త బరువైనదే తీసుకో, లేకపోతే పొడుగు రాడ్ ముందుకి వాలిపోయి సాయంత్రానికి మణికట్టు పట్టేస్తుంది. ఇంకోటి, స్పే కాస్టింగ్‌లో రాడ్ ముక్కలు అతుకుల దగ్గర మెలితిరిగి వదులవుతాయి, మధ్యమధ్యలో లైన్ దూరే రింగులు, అదే గైడ్లన్నీ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూసుకో. గాలి దిగువకి వీస్తుంటే లైన్‌ని నీకు దిగువ పక్కనే ఆనించు, ఎగువకి వీస్తుంటే ఎగువ పక్కన. తేడా వస్తే గాలం నీ చెవిలోనే దిగుతుంది. కళ్లద్దాలు లేకుండా నీళ్లలో దిగొద్దు.

లైసెన్స్ సంగతి నీకు తెలుసు. వీపు మీద, తోకకి ముందు ఉండే చిన్న ఆడిపోజ్ రెక్క (పెంపకం చేపలకి దాన్ని కత్తిరించి వదులుతారు) తెగకుండా ఉంటే అది అడవి స్టీల్‌హెడ్, నీళ్లలోంచి తీయకుండానే వదిలేయ్. ఏట్లో చేపలు పట్టడం ఉన్నట్టుండి ఆపేస్తుంటారు కాబట్టి బయలుదేరే రోజు పొద్దున్నే వాషింగ్టన్ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ రూల్స్ చూడు.

ఏదైనా రాడ్ నచ్చితే ఆ గ్రెయిన్ల అంకె ఫోటో తీసి నాకు పంపు, ఏ హెడ్ వేయాలో చెప్తాను. అందాకా కార్డు గీకకు.

మీ మామయ్య