కొత్తవాళ్లను ఎక్కడ కూర్చోబెడుతున్నారో ముందు చూడండి

"మా సంఘానికి కొత్తవాళ్లు వస్తున్నారు గానీ రెండు మూడు ఆదివారాలకే మానేస్తున్నారు. ఎలా చేర్చుకోవాలి?" అని అడిగారు. గుమ్మం దగ్గర చిరునవ్వు, వందనాలు అన్ని సంఘాల్లోనూ ఉన్నాయి. చేర్చుకున్నారో లేదో తేలేది కూర్చోబెట్టే చోట, వడ్డించే చోట.

అంతియొకయలో పేతురు తప్పటడుగు వేసిందీ భోజనం దగ్గరే. అన్యజనులతో (యూదులు కాని విశ్వాసులతో) కలిసి తింటున్నవాడు, యెరూషలేము నుంచి కొందరు యూదులు రాగానే వెనక్కి తగ్గాడు. పౌలు అందరి ముందే నిలదీశాడు (గలతీ 2).

మన దగ్గర ఇదే పరీక్ష ఒంగోలులో వచ్చింది. 1866లో అక్కడికి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ పెట్టిన బడికి అగ్రకులాల పిల్లలు వచ్చేవారు, వాళ్ల పెద్దలూ వాక్యం వినేవారు. తోలు వ్యాపారి ఎర్రగుంట్ల పేరయ్య తోటి మాదిగలను విశ్వాసంలోకి తెస్తుంటే, వాళ్లను చేర్చుకుంటే మేం రామని ఆ పెద్దలు తేల్చేశారు. క్లౌ ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ 1 కొరింథీ మొదటి అధ్యాయమే వచ్చిందంటారు: లోకం లెక్కచేయనివాళ్లను దేవుడు ఏర్పరచుకున్నాడన్న చోటు. మాదిగలను చేర్చుకున్నారు. అగ్రకులాల పిల్లలు బడి మానేశారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి అందరూ చెబుతారు. పలుకుబడి ఉన్నవాళ్లు వెళ్లిపోతారని తెలిసీ తలుపు తీయడమే నా దృష్టిలో అంతకంటే పెద్దది.

ఇక మీ సంఘం సంగతి. కొత్తవాళ్లను మైకులో పిలిచి నిలబెట్టకండి. యూట్యూబ్ లైవ్ ఉంటే కెమెరా అటు తిప్పకండి. ఇంట్లో చెప్పకుండా వచ్చినవాళ్లుంటారు. ఇంటిపేరు అడగకండి, ఎందుకడుగుతున్నారో అవతలివాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. ఒక్కరు పక్కన కూర్చుని, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట నంబరు తీసి చేతికివ్వాలి. ప్రభు భోజనం ఉన్న ఆదివారం ఎవరు తీసుకోవచ్చో రొట్టె వరుసల్లోకి రాకముందే చెప్పండి. పళ్లెం చేతిదాకా వచ్చాక ఆపితే ఆ మనిషి మళ్లీ రాడు. కానుకల సంచి విషయమూ అంతే, అతిథులు వేయనక్కర్లేదని ముందే చెప్పాలి.

సభ్యత్వ రిజిస్టర్లో పేరు రాయమని తొందరపెట్టొద్దు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. పిల్లల చదువు ఆ సర్టిఫికెట్ మీద ఆధారపడ్డ కుటుంబం వెనకాడితే, దాన్ని అవిశ్వాసమని ప్రసంగంలో దెప్పడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

సంఘమంతా కలిసి తినే ప్రేమ విందులో పెద్దలకు కుర్చీలు, ముందు వడ్డన, మిగతావాళ్లకు చాపలు, చివర్లో అడుగంటిన కూర. యాకోబు పత్రిక రెండో అధ్యాయం బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, పేదవాడికి కింద చోటు ఇవ్వడం గురించి చెప్పింది అచ్చంగా ఇదే. వడ్డన కొత్తవాళ్ల వైపు నుంచి మొదలుపెట్టి, ప్రతి పంక్తిలో ఒక పెద్దను కూర్చోబెట్టండి.

మెట్లూ చూసుకోండి. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు వాలు ఉంటేనే చక్రాల కుర్చీ సులువుగా ఎక్కుతుంది. చాలాచోట్ల నాలుగడుగుల్లో సిమెంటు పోసి సరిపెడతారు, దానిమీద కుర్చీ వెనక్కి జారుతుంది. చెప్పులు విడిచే చోట ముసలివాళ్లకు ఒక బల్ల వేయండి.

బుధవారం లోపు ఒక్కరే ఫోన్ చేయాలి. నలుగురు చేస్తే వసూలుకు వచ్చినట్టు ఉంటుంది. మళ్లీ వస్తారా అని అడగొద్దు, క్షేమం కనుక్కుని పెట్టేయండి.