అలిపిరి మెట్లు ఎక్కొచ్చా అని అడిగిన మా అబ్బోడికి

నాయనా,

మీ అమ్మ ఫోన్‌లో ఒకటే ఏడుపు. ముప్పై ఐదేళ్ళొచ్చాక ఉబ్బసం ఏందక్కా, అది చిన్నపిల్లలకు కదా వచ్చేది అంటుంది. నాకు నలభై రెండో ఏట వచ్చిన సంగతి మరిచిపోయినట్టుంది. 2019 లెక్కల్లో ప్రపంచమంతా కలిపి 26 కోట్ల మందికి పైగా, మన దేశంలోనే 3 కోట్లకు పైగా ఉన్నారు. కాబట్టి ఇన్హేలర్‌ను ఆఫీసు డ్రాయర్‌లో ఫైళ్ళ కింద దాచిపెట్టే పని లేదు.

పాప పుట్టువెంట్రుకలకు మొక్కుకున్నట్టు అలిపిరి నుంచి నడిచి ఎక్కొచ్చా అని అడిగావు. చెబుతా. ముందు నీ మందు సంగతి తేలనీ.

"నీలం రంగుదే బాగా పనిచేస్తుంది పెద్దమ్మా, రోజూ పీల్చేదాంతో ఏమీ తెలియడం లేదు" అన్నావే, అక్కడే పప్పులో కాలేశావు. నీలందాంట్లో ఉండేది సాల్బుటమాల్. బిగుసుకుపోయిన గాలిగొట్టాలను నిమిషాల్లో వదులు చేస్తుంది, లోపలి వాపు మాత్రం అట్లాగే ఉంటుంది. ఆ వాపు తగ్గించేది రోజూ పీల్చే స్టెరాయిడ్. నిదానంగా పనిచేస్తుంది కాబట్టి నీకు తెలియడం లేదు. స్టెరాయిడ్ అనగానే మీ అమ్మకు దడ. పీల్చే మందు కొలత మైక్రోగ్రాముల్లో, అదీ నేరుగా ఊపిరితిత్తులకే పోతుంది. ఆయాసం ముదిరి ఆస్పత్రిలో చేరితే మింగించే స్టెరాయిడ్ మాత్రలు మిల్లీగ్రాముల్లో ఉంటాయని చెప్పు.

ఇక నా ఘనకార్యం విను. మూడేళ్ళు మందు వాడినా రాత్రి మూడింటికి లేచి మంచం మీద కూర్చునేదాన్ని. మందు మార్చమని పోతే, "ముందు ఎట్లా పీలుస్తారో చూపించండి టీచరమ్మా" అంది డాక్టరమ్మ. నొక్కాను. పెదాల పక్కనుంచి తెల్లగా పొగలా లేచింది. "అదిగో మీ మందు, ఫ్యాన్‌కి పోతోంది" అంది. ముప్పై ఏళ్ళు పిల్లలకు సైన్సు చెప్పినదాన్ని, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నొక్కే రకం ఇన్హేలర్ అయితే ముందు దాన్ని బాగా కుదుపు. ఊపిరంతా వదిలెయ్. పెదాలు బిగించి, నిదానంగా పీల్చడం మొదలుపెడుతూనే నొక్కు, పీలుస్తూనే ఉండు. పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టు. కుదరకపోతే స్పేసర్, అంటే ఇన్హేలర్‌కు తగిలించుకునే గొట్టం, కొనుక్కో. క్యాప్సూల్ వేసి పీల్చే రకమైతే గట్టిగా, వేగంగా లాగాలి. స్టెరాయిడ్ పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మెయ్, లేకుంటే నాలుక మీద తెల్లపూత వస్తుంది.

ఏది పడదో ఎవరికి వాళ్ళే కనిపెట్టుకోవాలి. నాకు సుద్దముక్కల పొడి కంటే శుక్రవారం సాంబ్రాణితోనే తంటా. దేవుడు పొగ అడగలేదని ఒప్పుకోవడానికి ఏడాది పట్టింది. మీ ఊరి పక్క బెల్లం పొయ్యిల పొగ, ధనుర్మాసం చలి, భోగి మంటలు చూసుకో. సంక్రాంతికి అటక దులిపే పని కూడా నీది కాదు. అట్లాగని ఇంట్లో ప్రతి పనికీ ఇదే సాకు చెప్పకు. మృగశిరకు హైదరాబాద్ పోయి చేపమందు మింగొస్తానంటే నేను నమ్మను, అయినా పోతే పో. రోజూ పీల్చేది ఆపితే మాత్రం ఊరుకోను.

వారానికి రెండుసార్ల కంటే ఎక్కువగా నీలందాని మీద చెయ్యి పడుతుందంటే, రాత్రి దగ్గుతో లేస్తున్నావంటే, అదుపులో లేదని లెక్క, డాక్టర్ని కలువు. మధ్యలో ఊపిరి తిప్పుకోకుండా ఒక్క వాక్యం చెప్పలేకపోతున్నా, నీలంది పీల్చినా తగ్గకపోయినా కషాయాలతో కాలయాపన వద్దు, 108కి ఫోన్ చెయ్యి.

ఇక మెట్లు. 3,550 ఉన్నాయి, సుమారు 9 కిలోమీటర్లు. గాలిగోపురం దాకా ఎక్కడమే గండం, తర్వాత కొంచెం తెరిపి, చివర్లో మోకాళ్ల పర్వతం. ఉబ్బసం ఉన్నవాళ్ళు నడిచి రావద్దని టీటీడీ వాళ్ళే చెప్పారు. ఈసారి బస్సులో రా. బస్సులో వచ్చి కొట్టించినా గుండు గుండే. మూడు నెలలు మందు సక్రమంగా వాడి, రాత్రి నిద్రపట్టి, మీ డాక్టర్ సరేనంటే అప్పుడు మాట్లాడుకుందాం.

వచ్చేటప్పుడు ఇన్హేలర్లు రెండూ తీసుకురా. నా ముందర పీల్చి చూపించాలి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ