కువైట్ సివిల్ ఐడీలో పాత పాస్‌పోర్ట్ నంబరే ఉంటే

అక్కా, మీ ఆయన సెలవు మీద ప్రొద్దుటూరు వచ్చి ఇక్కడే పాస్‌పోర్ట్ రెన్యువల్ చేయించుకున్నారు, సివిల్ ఐడీలో (కువైట్ ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డులో) పాత నంబరే ఉంది, తిరిగి పోనిస్తారా అని అడిగినారు కదా. టికెట్ అప్పుడే తీయొద్దండి.

2019 మార్చి నుంచి కువైట్‌లో మనవాళ్ల పాస్‌పోర్ట్ మీద అకామా (అక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి) స్టిక్కర్ వేయడం లేదు. అకామాకు సివిల్ ఐడీనే ఆధారం. కాబట్టి ఎయిర్‌పోర్ట్ కౌంటర్‌లో పాస్‌పోర్ట్, సివిల్ ఐడీ రెండూ పక్కపక్కన పెట్టి నంబరు, పేరు స్పెల్లింగు అక్షరం అక్షరం చూస్తారు.

ఈరోజే కొత్త పాస్‌పోర్ట్ ఫొటోలు కఫీల్‌కు (ఆయన్ని పనికి పెట్టుకున్న స్పాన్సర్‌కు) వాట్సాప్ చేయించండి. ముందు అకామా రికార్డులో కొత్త నంబరు ఎక్కాలి, తర్వాతే సివిల్ ఐడీ మారుతుంది. కువైట్ మొబైల్ ఐడీ యాప్‌లో కొత్త నంబరు కనిపించినాకనే టికెట్. రద్దయిన పాత పాస్‌పోర్ట్ కూడా వెంట ఉండాలి. డబ్బులిస్తే ఇక్కడినుంచే మార్పిస్తామనే ఏజెంట్లకు దయచేసి రూపాయి ఇవ్వొద్దు, ఆ పని కఫీల్ వైపు నుంచే జరగాలి.

ఇంకోటి, ఇదే అసలు భయం: కువైట్ బయట ఆరు నెలలు దాటితే అకామా పోతుంది. ఖాదిం వీసా (ఇంటిపని వాళ్ల వీసా) అయితే ఇప్పుడు నాలుగు నెలలే. ఆయనది ఏ వీసా, ఏ తేదీన వచ్చినారో రాయండి, ఎన్ని రోజులు మిగిలినాయో లెక్క చూసి చెప్తాను.