కరువు కనపడింది, నాగన్న కనపడలేదు

అనంతపురం

తమ్ముడికి ఆశీస్సులు.

నీ కథ చదివినాను. బుడ్డల (వేరుశనగ) చేనులో ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేయడం, ఎద్దులను సంతకు తోలడం, అన్నీ దగ్గరుండి చూసి రాసినట్టే ఉన్నాయి. అయితే చదవడం అయిపోయినాక నాగన్న ఎట్లాంటి మనిషో నాకు తెలియలేదు. అతన్ని తీసేసి పక్కూరి రైతును పెట్టినా కథ అట్లే నడుస్తుంది.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే వానతో బతికే జిల్లా మనది. అందుకే మన కథల్లో కరువు మనిషిని మింగేస్తుంటుంది. కరువు నాగన్నకు వచ్చిన కష్టం, అది అతని గుణం కాదు. గట్టుకు అటొకరు ఇటొకరు సేద్యం చేసుకునే అన్నదమ్ములు కూడా ఒకే కరువులో ఒకే తీరుగా ఉండరు కదా. ఒకడు బెంగుళూరు బస్సెక్కుతాడు. ఇంకొకడు ఉన్న అప్పు మీద అప్పు చేసి గొర్రెలు కొంటాడు. ఆ తేడా ఎందుకొచ్చిందో తేల్చుకోవడమే నీ పని.

బోరు వేసే రాత్రిని నువ్వు నాలుగు వాక్యాల్లో దాటేశావు. నాగన్న దొరికేది అక్కడే. నీళ్లెక్కడ పడతాయో చూసి పాయింటు పెట్టినాయన 350 అడుగులకు నీళ్లన్నాడు. 350 దాటింది, పొడి దుమ్మే లేస్తోంది. లోతు పెరిగేకొద్దీ అడుగు రేటూ పెరుగుతుందని నాగన్నకు తెలుసు. జేబులో ఉన్నది భార్య మెడలోని గొలుసు కుదువ పెట్టి తెచ్చిన డబ్బు. బోరు బండి నడిపే మనిషి దగ్గరికొచ్చి, "ఏమప్పా, ఇంకా దించాల్నా?" అని అడుగుతాడు. ఇప్పుడు నాగన్న ఏం చేస్తాడు? చాలు అంటే ఒక మనిషి. దించు అంటే ఇంకో మనిషి. జవాబు చెప్పకుండా, కాస్త దూరంలో నిలబడిన బావమరిది వైపు చూస్తే మూడో మనిషి. ఆ బావమరిది వద్దని చెప్పినా వినకుండా నాగన్న బోరు వేయిస్తున్నాడనుకో, ఇక అతను ఆపలేడు. నీళ్ల కోసం దించుతున్నానని అందరితో అంటాడు. నిజానికి బావమరిది ముందు తల దించుకోలేక బోరు దించుతున్నాడు. పైకి చెప్పే కారణం, లోపలి కారణం ఇట్ల వేరైనప్పుడు పాఠకుడు నాగన్నను వదిలిపెట్టడు.

పాత్ర ఎత్తెంత, రంగేమిటి, ఇష్టమైన కూరేమిటి అని పట్టికలు నింపమని చెప్పేవాళ్లున్నారు. నాకు వాటిమీద నమ్మకం లేదు. మనిషికి ఏం కావాలో, దానికోసం దేన్ని మాత్రం వదులుకోడో తెలిస్తే మిగతావి రాస్తుంటే వాటంతట అవే వస్తాయి.

తొలకరి పడగానే ఒక రోజు జొన్నగిరికి పోయిరా. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో, అశోకుడి శాసనాలున్న ఎర్రగుడికి దగ్గరే. అక్కడా, తుగ్గలి చుట్టుపక్కలా చేన్లలో వజ్రాలు వెతికే జనం కనపడతారు. అందరూ వెతికేది ఒకే రాయి. దొరికితే ఏం చేస్తావని అడిగి చూడు, ఒక్కొక్కరూ ఒక్కో బతుకు చెబుతారు. అడగకుండా కూడా చూడు. తల ఎత్తకుండా సాలు వెంబడి నడిచేవాడెవరు, పక్కవాడు వంగిన చోటికి పరిగెత్తేవాడెవరు. ఆ చేను రైతు గట్టుమీద నిలబడి ఉంటాడు, అతన్ని మరిచిపోవద్దు. పదును ఆరిపోకముందే విత్తనం వేయాలి, వీళ్లేమో చేను దిగరు. నాకైతే కథ అతని దగ్గరే ఉందనిపిస్తుంది.

ఇక మాటతీరు. నాగన్న "చేస్తాండా" అనడం చెవికి ఇంపుగా ఉంది. బెంగుళూరులో వాచ్‌మన్‌గా ఉన్న కొడుకూ, బ్యాంకు మేనేజరూ కూడా అట్లే మాట్లాడితే ఎట్ల? కొడుకు మాటల్లో కన్నడం దొర్లుతుంది. బ్యాంకులో నాగన్న మాటే మారిపోతుంది. ప్రతి మాటకూ 'సార్' చేరుస్తాడు, గొంతు తగ్గిస్తాడు. అదే నాగన్న ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాక ఎట్ల మాట్లాడతాడో రాస్తే, అతన్ని గురించి నువ్వు వేరే చెప్పాల్సిన పనుండదు.

ఎరువుల అంగడి షావుకారును ఒట్టి రాక్షసుణ్ణి చేశావు. అతనూ పైవాళ్ల దగ్గర అరువుకే సరుకు తెచ్చుకుంటాడు. నాగన్న కూతురి పెళ్లికి వచ్చి చదివింపులు చదివించిన మనిషే ఈరోజు వడ్డీ లెక్క ముందర పెడుతున్నాడనుకో. అప్పుడే నాగన్నకు అతన్ని తిట్టడం కష్టమవుతుంది. పల్లెల్లో అప్పు నలిపేది ఇట్లనే.

నాగన్న భార్య లక్ష్మమ్మ గురించి నాకు ఎక్కువ బాధగా ఉంది. కథంతా ఏడవడానికి తప్ప ఆమె నోరు తెరవలేదు. ఆమె డ్వాక్రా సంఘానికి లీడరు అనుకో. తోటి ఆడవాళ్ల అప్పుకు ఆమే సంతకం పెట్టింది, కంతు కట్టాల్సిన రోజు దగ్గరపడింది. గొలుసు అడిగినప్పుడు ఆమె మనసులో మెదిలేది కరువు ఒక్కటే కాదు. ఇవ్వనంటే మొగుడి దగ్గర ఒక మాట, ఇస్తే సంఘంలో ఒక మాట. ఆమెకంటూ ఒక పరువు ఉంది, దాన్ని ఆమెకివ్వు.

ఒక్క జాగ్రత్త. మీ ఊరి మనిషిని ఉన్నదున్నట్టు దించొద్దు. ఒకరి నడక, ఇంకొకరి పంతం, మరొకరి మాట కలుపు. లేకపోతే అతను ఊళ్లో తలెత్తుకోలేడు, నువ్వూ అతని గురించి ధైర్యంగా రాయలేవు.

ముగింపు జోలికి ఇప్పుడే పోవద్దు. ముందు ఆ బోరు రాత్రి మళ్లీ రాయి. లక్ష్మమ్మ అక్కడికి వచ్చిందో లేదో నువ్వే తేల్చుకో. వస్తే మాత్రం, వద్దనో కానీమనో ఆమె నోటితోనే అనిపించు. రాసినాక ఒక ఆదివారం పొద్దున ఇంటికి రా, కూర్చుని చదువుకుందాం.

నీ అన్న